ఎడమకాలి తాళం

మా సికింద్రాబాదు చర్చిలలో డ్రమ్సు నేర్చే కుర్రవాళ్లు, నేను చూసినంతలో, హైహ్యాటును కర్రతో కొట్టే పళ్లెంగానే ఎంచుతున్నారు. అది తాళాలజోడు సుమండీ! 1920లలో అమెరికాలో పాదాల దగ్గర పుట్టి, తరువాత చేతికందేటంత ఎత్తుకు పెరిగింది. దాని ప్రాణం ఎడమకాలిలోనే ఉన్నది.

నట్టువాంగపు తాళాలలో ఒకటి ఉక్కు, ఒకటి కంచు అయినట్లే ఇక్కడి జోడూ సమానం కాదు. సాధారణంగా బరువైనది కింద, తేలికది పైన. కింది పళ్లెం కూర్చునే పీటకు ఒక చిన్న మర ఉంటుంది. దానిని తిప్పి పళ్లేన్ని రవ్వంత వాల్చాలి. లేకుంటే రెండింటి నడుమ గాలి చిక్కుకొని, కాలు నొక్కినప్పుడు పలకవలసిన "చిక్" మూగబోతుంది. ఆ మరను ముట్టేవారేరీ?

గురువులకు నా మనవి ఒకటే. మొదటి నెల రెండవ, నాలుగవ దెబ్బలకు కాలు నొక్కిస్తూ నోటితో పాట పాడించండి. కర్ర సంగతి ఆ తరువాత.