ఆగిన పరుగు

కార్యసాధన విషయంలో మనుషులు మూడు విధాలుగా ఉంటారని భర్తృహరి తన నీతిశతకంలో చెప్పాడు. ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా ఆ భావం తెలుగువారికి సుపరిచితమైంది. ఆటంకాలు ఎదురవుతాయన్న భయంతో పనిని మొదలుపెట్టనివారు మొదటి రకం. మొదలుపెట్టి, విఘ్నం కలగగానే విడిచిపెట్టేవారు రెండవ రకం. ఎన్ని విఘ్నాలు కలిగినా చేపట్టిన పనిని వదలనివారు మూడవ రకం. ఈ విభజన గొప్పదే. అయితే లోకాన్ని పరిశీలిస్తే ఈ మూడింటిలోనూ ఇమడని నాలుగవ రకం మనుషులు కూడా కనిపిస్తారు. వారు పనిని ప్రారంభించారు. ఏదో ఒక కారణం చేత మధ్యలో ఆపారు. కొంతకాలం గడిచాక మళ్ళీ దానిని చేపట్టారు. వీరి ధైర్యం మూడవ రకం వారి ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు. ఈ సంగతిని గ్రహించడానికి పరుగు చక్కని ఉదాహరణ.

పరుగు మనిషికి సహజంగా అబ్బే విద్య. నడక నేర్చిన బిడ్డ ఆ వెంటనే పరుగెత్తడానికి ప్రయత్నిస్తుంది. కబడ్డీ, ఖోఖో, దాగుడుమూతలు వంటి ఆటలన్నింటికీ పరుగే ప్రాణం. బాల్యంలో పరుగెత్తమని ఎవరూ ప్రోత్సహించనక్కరలేదు. ఆపడమే పెద్దలకు కష్టం. అటువంటి పరుగు పదవ తరగతి పూర్తయ్యేసరికి చాలామంది జీవితాల్లో నిలిచిపోతుంది. ఇంటర్మీడియట్ చదివే రెండు సంవత్సరాలే భవిష్యత్తును నిర్ణయిస్తాయన్న భావన ఇంటిల్లిపాదినీ ఆవరిస్తుంది. పట్టణాల్లో ఎన్నో జూనియర్ కళాశాలలు ఆటస్థలం లేని బహుళ అంతస్తుల భవనాల్లో నడుస్తున్నాయి. తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. ఖోఖోలో మెరుపులా కదిలిన కాళ్ళు బల్లల కింద ముడుచుకుపోతాయి. ఇది ఒక్క మన ప్రాంతపు సమస్య మాత్రమే అనుకోనక్కరలేదు. ఈ వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలైనా శరీరానికి తగిన శ్రమ కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 2016 నాటి లెక్కల ఆధారంగా ఆ సంస్థ 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా 11 నుంచి 17 సంవత్సరాల వయసు విద్యార్థులలో నూటికి 81 మంది ఆ మాత్రం శ్రమకు నోచుకోవడం లేదు.

పరుగు ఆగిపోవడానికి మరొక కారణం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాలలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు పోటీపడే యువకులు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల దూరాన్ని నిర్ణీత సమయంలో పరుగెత్తవలసి ఉంటుంది. ఉద్యోగ ప్రకటన వెలువడగానే పట్టణాల్లోని కళాశాల మైదానాలు వేకువజామునే నిండిపోతాయి. పరీక్షలు ముగియగానే అవే మైదానాలు వెలవెలబోతాయి. ఉద్యోగం వచ్చినవాడు పని తీరిందని ఆపుతాడు. రానివాడు పని చెడిందని ఆపుతాడు. ఇద్దరి పరుగూ మరొకదాని కోసం సాగినదే గనుక, ఆ మరొకటి ముగిసిన రోజునే ముగిసింది. ఉద్యోగం కోసం పరుగెత్తడంలో తప్పేమీ లేదు. కాని కొన్ని నెలల కఠోర శ్రమతో సంపాదించిన దేహబలాన్ని ఒక్క పరీక్షతో సరిపెట్టి వదులుకోవడం, పండించిన ధాన్యాన్ని కళ్ళంలోనే వదిలి రావడం వంటిది.

సాధన మానిన తరువాత శరీరంలో కలిగే మార్పులను తెలుసుకోవడం అవసరం. రెండు మూడు వారాలలోనే రక్తంలోని ద్రవభాగం కొంత తగ్గుతుంది. గుండె ఒక్కొక్క స్పందనకు పంపగలిగే రక్తం కూడా ఆ మేరకు తగ్గుతుంది. విరామం నెలల తరబడి సాగితే, కండరాలు ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి క్షీణిస్తుంది. అందువల్లనే ఒకనాడు మైదానాన్ని నాలుగుసార్లు అవలీలగా చుట్టివచ్చినవాడు ఒక్క చుట్టుకే రొప్పుతాడు. ఇది దేహధర్మమే గాని చేతకానితనం కాదు. పోయినదంతా శాశ్వతంగా పోదు కూడా. ఒకసారి నేర్చిన ఈతను మరువనట్లే, పరుగులోని లయను శరీరం అంత సులభంగా మరచిపోదు. తిరిగి సాధన చేస్తే గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే పుంజుకోవడం మొదలుపెడతాయి. ఎముకలు, వాటిని కండరాలతో కలిపే కణజాలం బలపడడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి అందుతోంది కదా అని పాత వేగాన్ని ఒక్కసారిగా అందుకోబోయినవారు కాళ్ళనొప్పులతో మళ్ళీ కూలబడడానికి ఈ తేడాయే కారణం.

దేహం విషయం ఇలా ఉండగా, తిరిగి పరుగెత్తదలచినవారికి అంతకంటే పెద్ద అడ్డంకి మనసులో ఉంటుంది. మొదటిసారి పరుగెత్తేవాడికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. వేసిన ప్రతి అడుగూ లాభమే. తిరిగి వచ్చినవాడికి తన గతమే ప్రత్యర్థి. నిన్నటి తన వేగం, నాటి చప్పట్లు, బహుమతులు అన్నీ గుర్తుకువస్తాయి. చూసేవారు ఏమనుకుంటారోనన్న సంకోచం కలుగుతుంది. పూర్వపు శక్తి వచ్చిన తరువాతనే మైదానంలో అడుగుపెడదామనుకుంటాడు. మైదానంలో అడుగుపెట్టనిదే ఆ శక్తి రాదన్న సంగతిని గుర్తించడు.

ఈ సంకోచాన్ని జయించినవారిలో భారతదేశం గర్వించదగిన క్రీడాకారిణి పి.టి. ఉష ఒకరు. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల హర్డిల్స్ పరుగులో సెకనులో నూరవ వంతు తేడాతో ఆమెకు కాంస్య పతకం చేజారింది. 1986లో సియోల్‌లో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె నాలుగు స్వర్ణ పతకాలు, ఒక రజత పతకం సాధించారు. వాటిలో 200 మీటర్లు, 400 మీటర్ల పరుగుల స్వర్ణాలు కూడా ఉన్నాయి. రెండేళ్ళ తరువాత, 1988లో అదే సియోల్ నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడల నాటికి మడమ గాయం బాధించడంతో తొలి దశలోనే వెనుదిరగవలసి వచ్చింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల తరువాత ఆమె పరుగుకు స్వస్తి చెప్పారు. 1991లో వివాహం జరిగింది; ఆ తరువాత తల్లి అయ్యారు. సాధించవలసినదంతా సాధించి విశ్రాంతి తీసుకుంటున్నారని లోకం భావించింది. ఆమె మాత్రం కొంతకాలానికి తిరిగి సాధన ప్రారంభించారు. 1998లో జపాన్‌లోని ఫుకుఓకాలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో, 34 సంవత్సరాల వయసులో, 200 మీటర్లు, 400 మీటర్ల పరుగులలో కాంస్య పతకాలు గెలుచుకున్నారు. నలుగురు కలిసి పరుగెత్తే 100 మీటర్ల రిలేలో స్వర్ణం సాధించిన జట్టులోనూ ఆమె ఉన్నారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఏ దూరాలలో 1986లో ఆసియాలో మొదటి స్థానం ఆమెదో, ఆ దూరాలలోనే 1998లో మూడవ స్థానం దక్కింది. పతకాల పట్టికను మాత్రమే చూసేవారికి ఇది దిగజారడంగా తోచవచ్చు. నిజానికి బంగారం అందుకున్న చేతితోనే కంచును అందుకోవడానికి సిద్ధపడడంలో గొప్ప వినయం ఉంది. తన గతంతో పోల్చుకుంటూ కూర్చుంటే ఉష తిరిగి ట్రాక్ మీద నిలబడగలిగేవారే కారు. ఈ రెండు కాంస్యాలూ ఆమె నాటి స్వర్ణాలకు ఏమాత్రం తీసిపోవు.

విరామం కొన్ని ఏళ్ళది కాక దశాబ్దాలదైతే? పంజాబ్‌లోని జలంధర్ సమీప గ్రామంలో పుట్టిన ఫౌజా సింగ్ జీవితం ఈ ప్రశ్నకు సమాధానం. బాల్యంలో బలహీనమైన కాళ్ళతో ఐదేళ్ళ వయసు వరకూ సరిగా నడవలేకపోయిన ఆయన యౌవనంలో సరదాగా పరుగెత్తేవారు. దేశ విభజన కాలంలో ఆ అలవాటు ఆగిపోయింది. ఆ తరువాత దాదాపు అర్ధ శతాబ్దం సేద్యంతో, సంసారంతో గడిచిపోయింది. 1990 తరువాతి కాలంలో భార్యను, కుమారుని పోగొట్టుకుని, లండన్‌లో ఉంటున్న మరో కుమారుని వద్దకు చేరిన ఆయనను దుఃఖం కుంగదీసింది. ఆ దుఃఖం నుంచి బయటపడడానికి ఆయన మళ్ళీ పరుగును ఆశ్రయించారు. పాస్‌పోర్టులోని జన్మదినం ప్రకారం 89వ ఏట, 2000లో, లండన్ మారథాన్‌లో 42 కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని పూర్తిచేశారు. 2011లో, నూరవ ఏట, టొరంటో మారథాన్‌నూ పూర్తిచేశారు. 2025లో ఒక రోడ్డు ప్రమాదంలో మరణించేవరకూ ఆయన పేరు పట్టుదలకు మారుపేరుగా నిలిచింది.

ఫౌజా సింగ్ జీవితం బోధించే పాఠం మరొకటి ఉంది. ఆయన ఉత్సాహం పొంగి పరుగు మొదలుపెట్టలేదు. ఉత్సాహం పూర్తిగా ఆవిరైన దశలో పరుగు మొదలుపెట్టారు. పరుగే ఆయనకు ఉత్సాహాన్ని తిరిగి తెచ్చి ఇచ్చింది. మనలో చాలామంది ఈ క్రమాన్ని తారుమారు చేసుకుంటారు. మనసు సిద్ధమైతే రేపు పరుగెత్తుదామనుకుంటారు. ఆ రేపు సంవత్సరాల తరబడి రేపుగానే మిగిలిపోతుంది. వంట పూర్తయ్యాక పొయ్యి వెలిగిద్దామని ఎవరూ అనుకోరు. పరుగు విషయంలో మాత్రం ఉత్సాహమనే ఫలితాన్ని ముందుగా కోరి, శ్రమను తరువాతకు వాయిదా వేస్తారు.

కాబట్టి తిరిగి ప్రారంభించేవారు ఉత్సాహం కోసం ఎదురుచూడక, సమయాన్ని నిర్ణయించుకోవాలి. మన ఎండలకు సూర్యోదయానికి ముందువేళ అనుకూలం. తొలి వారాలలో కొంత నడక, కొంత నెమ్మదైన పరుగు మార్చి మార్చి సాగించడం మేలు. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. మాట తడబడితే పరుగు హెచ్చిందని గుర్తు. దూరాన్ని, వేగాన్ని ఒకేసారి పెంచరాదు. జబ్బుపడి కోలుకున్నవారు, గాయపడినవారు వైద్యుని సలహా తీసుకోవాలి. ఒక తోడు ఉంటే మరింత మంచిది. తన కోసం లేవని మనిషి కూడా వీధి చివర స్నేహితుడు నిలబడి ఉంటాడంటే లేస్తాడు.

చదువుకునే వయసులో ఇంత తీరిక ఎక్కడిదని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. పోటీ తీవ్రమైనది, తల్లిదండ్రుల ఆశలు విలువైనవి. అయితే రోజుకు పదిగంటలు కదలకుండా కూర్చున్న దేహంలో మనసు మాత్రం చురుకుగా ఉండాలని కోరడం న్యాయం కాదు. అరగంట పరుగు చదువుకు కేటాయించిన సమయాన్ని దొంగిలించదు. మిగిలిన గంటలకు సత్తువనిస్తుంది. ఇక ఆగిన ప్రతి పరుగుకూ విద్యార్థినే నిందించడం కూడా తగదు. మైదానం లేని కళాశాల, ఇంటిపనిని ఆడపిల్లల మీదనే మోపే కుటుంబం, వేకువన పరుగెత్తే అమ్మాయిని వింతగా చూసే వీధి కూడా ఈ విషయంలో బాధ్యత వహించాలి. ప్రయోగశాల లేని కళాశాలను అంగీకరించని సమాజం ఆటస్థలం లేని కళాశాలను అంగీకరించడం విచారకరం.

జీవితంలో విరామాలు తప్పవు. పరీక్షలు, అనారోగ్యం, ఆర్థిక ఇబ్బందులు, ఆప్తుల వియోగం ఎవరినైనా ఎప్పుడైనా ఆపవచ్చు. పరుగులోనే కాదు, సంగీత సాధనలో, చదువులో, చివరకు స్నేహాలలో కూడా ఇది జరుగుతుంది. ఆపినందుకు సిగ్గుపడుతూ కాలం వెళ్ళబుచ్చేవారు భర్తృహరి చెప్పిన రెండవ రకంలోనే మిగిలిపోతారు. తడబడుతూనైనా మళ్ళీ మొదటి చుట్టు పూర్తిచేసినవారు నాలుగవ రకంలో చేరుతారు. ఆ చుట్టు ఎంత నెమ్మదిగా సాగిందని మైదానం అడగదు. మరునాడు కూడా వచ్చారా లేదా అన్నదే ముఖ్యం.