తుప్పు బోల్టుకు ఒక రాత్రి ఇవ్వండి

దమ్ముల సీజను దగ్గర పడిందంటే మా షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. కోనసీమలో సముద్రపు గాలి తగిలే ఊరు మాది. ఆ ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము ఎక్కువకాలం బతకదు. నిరుడు బురదలో తిరిగిన రోటావేటర్‌ని కడగను కూడా కడగకుండా పశువుల పాక పక్కన పడేస్తారు. ఏడాది తిరిగాక కత్తులు మార్చమని లాక్కొస్తారు. ఒక్కో కత్తికి రెండేసి బోల్టులు. అవి ఎక్కడున్నాయో కంటికి ఆనవు, చేత్తో తడిమి వెతుక్కోవాలి. "అన్నా, రేపు తెల్లారేసరికి చేలోకి దిగాలి, ఓ గంటలో లాగించెయ్" అంటూ రైతు నా చేతిలో ఒక స్ప్రే డబ్బా పెడతాడు. అంత ఖరీదు పెట్టి డబ్బా తెచ్చాక ఇంకా ఆలస్యం దేనికని ఆయన ధీమా.

ఏ ఆయిల్ మంచిదని అడిగేవాళ్లకు లెక్కే లేదు. ఎప్పటికి కావాలని నేను ఎదురు అడుగుతాను. రేపటికైతే డీజిల్ చాలు. ఇప్పటికిప్పుడు కావాలంటే ఎంత గొప్ప డబ్బా తెచ్చినా చివరికి గ్యాసు మంట పెట్టాల్సిందే. నూనెల మధ్య తేడా లేదని కాదు. ఆ తేడా కంటే నానబెట్టిన గంటల తేడా పెద్దదంటాను.

ఎందుకో చెబుతాను. తుప్పుగా మారిన ఇనుము మునుపున్న చోట ఇమడదు. దానికి రెండింతలకు పైగా జాగా కావాలి. నట్టు మరకూ బోల్టు మరకూ మధ్య సందే బహు సన్నం. అందులో తుప్పు ఉబ్బితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. మనం పోసిన నూనె ఆ తుప్పులోని నెర్రెలు పట్టుకుని దానంతటది లోపలికి పాకాలి. దీపం వత్తి నూనెను లాక్కుంటుంది చూశారా, అదే పద్ధతి. ఎంత గట్టిగా పిచికారీ కొట్టినా ఆ పాకుడు వేగం పెరగదు. పల్చటి నూనె త్వరగా పాకుతుంది, చిక్కటిది బయటే జారిపోతుంది. అందుకే ఇంజనులోంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తామంటే ఒప్పుకోను. మా బావమరిది ఒకసారి కొబ్బరినూనె పోసి చూశాడు. కోనసీమ కదా, కొబ్బరినూనెకు లొంగని జబ్బు లేదని మావాళ్ల నమ్మకం. బోల్టు నిగనిగలాడింది తప్ప కదల్లేదు.

పెనెట్రేటింగ్ ఆయిల్ అని అమ్మేవాటిలో పెద్ద మర్మమేమీ లేదు. బాగా పల్చటి ద్రావకంలో కాస్త నూనె ఉంటుంది. ద్రావకం నూనెను మోసుకుని సందుల్లోకి దూరి తాను ఆరిపోతుంది, నూనె అక్కడ మిగిలిపోతుంది. మా గురువుగారి రోజుల్లో రేషను షాపు నీలి కిరసనాయిలే ఈ పని చేసేది. అది దొరకడం మానేశాక మేం డీజిల్‌కు వచ్చాం. కిరసనాయిలంత పల్చన కాదు గానీ, ఆరిపోకుండా తెల్లవార్లూ తడిగా ఉంటుంది. రాత్రంతా నానబెట్టే పనికి అదే లాభం.

మన బజార్లో రస్ట్ స్ప్రే అంటే చాలామందికి డబ్ల్యూడీ-40 ఒక్కటే తెలుసు. దాన్ని తక్కువ చేయను, నా బల్ల మీదా ఉంది. కానీ అది పుట్టిన పని వేరు. 1953లో అమెరికాలోని శాన్ డియెగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ, లోహం మీది తడిని తోసేసి తుప్పు పట్టకుండా ఆపేందుకు దాన్ని తయారుచేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట. అట్లాస్ క్షిపణి పైరేకును కాపాడడానికి మొదట వాడారు. అంటే తుప్పు రాకముందు కొట్టాల్సిన సరుకు. పైపైన పట్టిన వాటిని వదిలిస్తుంది, కాదనను. ఏళ్ల తరబడి పట్టేసిన బోల్టుల కోసమని ఆ సంస్థే స్పెషలిస్ట్ పేరుతో ఇంకో డబ్బా అమ్ముతోంది. డబ్బు పెట్టదలుచుకుంటే అలాంటిది కొనండి. దాన్నీ రాత్రే కొట్టండి.

ఈమధ్య కుర్రాళ్లు ఫోన్లో చూసి అసిటోన్, గేరు ఆయిల్ సగం సగం కలుపుతున్నారు. ఆ వీడియోల్లో వాళ్లు కలిపేది మన ట్రాక్టరు గేరు ఆయిల్ కాదు, ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే పల్చటి ఎర్ర నూనె. అదైనా నిలకడగా కలవదు, ప్రతిసారీ కుదిపి వాడాలి. పైగా అసిటోన్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. పక్కన వెల్డింగు జరిగే నా షెడ్డులో దాని మూత తీయనివ్వను.

చింతపండు రసం సంగతి కూడా అడుగుతుంటారు. విప్పేసిన చిన్న సామానును అందులో నానబెడితే తుప్పు కరుగుతుంది, ఆ వెంటనే కడిగి ఆరబెట్టి నూనె రాయాలి. బిగిసి ఉన్న మరలోకి మాత్రం దాన్ని పోయకండి. తుప్పుతో పాటు తడినీ లోపల వదిలిన వాళ్లవుతారు.

ఇక చేతిపని. ముందు వైరు బ్రష్షుతో నట్టు చుట్టూ, బయటికి పొడుచుకొచ్చిన మర మీదా బురదను, పొలుసులను రాల్చాలి. ఇది చేయకుండా పోసిన నూనెనంతా ఆ మట్టే తాగేస్తుంది. డీజిల్‌లో తడిపిన గుడ్డపేలికను నట్టుకు చుట్టి, పైన పాలిథీన్ కవరు కట్టి వదిలేయండి. పడుకునే ముందు ఇంకోసారి తడపండి. పొద్దున నట్టు పలకకు అటువైపు బరువైన సుత్తి ఆనించి, ఇటువైపు చిన్న సుత్తితో తడుతూ ఒక్కో పలకకూ తిప్పుకుంటూ రావాలి. బాదకూడదు, తట్టాలి. ఆ అదురుకు తుప్పు చిట్లుతుంది, నూనెకు దారి దొరుకుతుంది. పానా కూడా ఆరు పలకలదే వాడండి. పన్నెండు కోణాలది అరిగిన నట్టు మీద జారి అంచులు కొరికేస్తుంది. మొదటి లాగు విప్పే వైపు కాదు, వెంట్రుకవాసి బిగించే వైపు. తర్వాత విప్పండి.

పానా లాగేటప్పుడు నేను చూసేది చెవితోనే. వదిలే నట్టు 'టప్' మని ఒక్క మాట చెబుతుంది, ఆపైన కీచుమంటూ తిరుగుతుంది. చప్పుడు లేకుండా చేతికి మెత్తగా వస్తోందంటే సంతోషించకండి. నట్టు తిరగడం లేదు, లోపల బోల్టు మెలిపడుతోంది. అక్కడ ఆపి మళ్లీ నూనె పోసినవాడికి బోల్టు దక్కుతుంది. పానాకు గొట్టం తొడిగి ఊగినవాడికి తల చేతికొచ్చి, మొండెం లోపల మిగులుతుంది. దాన్ని డ్రిల్లు వేసి తీయడానికి పట్టే పొద్దు, నేను మొదట అడిగిన రాత్రి కంటే నయమేమీ కాదు. కదిలిన నట్టును కూడా ఒకే ఊపున లాగొద్దు. పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ నాలుగు చుక్కలు.

మంట సంగతి. 16 మిల్లీమీటర్ల బోల్టు మీది నట్టును బోల్టు కంటే 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే దాని లోపలి వ్యాసం పెరిగేది 0.04 మిల్లీమీటరు మాత్రమే. ఆ కాస్తకే తుప్పు పట్టు విడిపోతుంది. అందుకే మంట నట్టుకే తగలాలి, రెండూ కలిసి వేడెక్కితే ఫలితం లేదు. వేడి నట్టు అంచుకు కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరలోకి పోతుంది, ఇది మా వాళ్లకు బాగా ఇష్టమైన కిటుకు. నూనె కొట్టి ఆపైన మంట పెట్టడం మాత్రం నేరమే. స్ప్రే డబ్బాల్లో తోసే గ్యాసు చాలావరకు మండేదే. తల మీద 8.8 అని అచ్చు ఉన్న బోల్టును ఎర్రగా కాల్చారా, దాని బలం పోయినట్టే. విప్పాక పారేసి కొత్తది వేయాలి. ఆయిల్ సీళ్లు, బ్రేకులు దగ్గర్లో ఉంటే మంటా వద్దు, డీజిలూ వద్దు.

బిగించేటప్పుడు మరకు వేలెడు గ్రీజు రాస్తే వచ్చే ఏడాది ఈ తంతు సగం తగ్గుతుంది. చక్రాల నట్లకు మాత్రం కంపెనీ పుస్తకం చూసుకోండి, కొన్నిటికి గ్రీజు వద్దంటారు. రైతులు స్ప్రే డబ్బాకు వందలు మారుమాట లేకుండా ఇస్తారు. "రాత్రంతా నానబెట్టాను, దానికింత" అంటే మాత్రం "నువ్వు పడుకున్నావు కదన్నా, దానికేం కూలి" అని నవ్వుతారు. అయినా ఇప్పుడు నేను బిల్లులో ఆ రాత్రిని వేస్తున్నాను.

ఇది నా షెడ్డుతో ఆగే విషయమైతే పేపరుకు రాసేవాణ్ని కాదు. మా పిల్లకాలువల తూములకు షట్టర్లున్నాయి, వాటిని లేపే మర కడ్డీలున్నాయి. వాన ముంచెత్తి చేలు మునిగే రోజున జనం గునపాలు పట్టుకుని వాటి మీద పడతారు. అవి కదలవు, కొన్ని వంగుతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కడ్డీలకు డీజిల్ పట్టించి, పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పి, గ్రీజు రాస్తే అయ్యే ఖర్చు ఒక స్ప్రే డబ్బా అంత. ఇందుకు టెండరు అక్కర్లేదు. ఈ ఏడు మా ఊరి తూముకు డీజిలు, గ్రీజు నావే, కూలీ వద్దు అని చెప్పి వచ్చాను. షట్టరు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇంకా తేలలేదు.