మన హాస్టళ్లకు చదరంగం అక్కరలేదా?



వార్షికోత్సవ సంచిక అనగానే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కప్పులతో దిగిన ఫోటోలు ఉంటాయి. ఉండాల్సిందే. ఆ ఆటల్లో మన పిల్లల సత్తా ఏమిటో గ్రౌండులో చూసినవారందరికీ తెలుసు. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లలో వేర్వేరు సంవత్సరాల్లో చదువుకుని, ఇప్పుడు చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటున్న మేము కొందరం ఈసారి కూర్చుని ఆడే ఆట గురించి రాయదలచుకున్నాం. హాస్టల్ పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడించే ఆట చాలు, బుర్ర ఆడించే ఆట ఎందుకులే అని ఎవరూ పైకి అనరు. ఆట సామాను పెట్టె తెరిచి చూస్తే తెలుస్తుంది. గాలి లేని బంతి ఒకటి, చిరిగిన నెట్టు ఒకటి. మా కాలంలో చదరంగం అట్ట ఒకటి ఉండేది గానీ దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా వాడేవాళ్లం.

పోయిన చలికాలం సంగతి. ఈ మూడు పట్టణాల్లో ఒకదానిలో ఒక క్లబ్బువారు శనివారం సాయంత్రాలు చదరంగం ఆడిస్తున్నారని తెలిసింది. ఊరి పేరూ, క్లబ్బు పేరూ చెప్పం. మనకు తెలిసిన క్లబ్బంటే రమ్మీ కదా, వార్డెన్ సారు మొదట ఒప్పుకోలేదు. "పిల్లగాండ్లను పేకాట కాడికి తోలుకపోతరా?" అని గట్టిగానే అడిగారు. మేము పూచీ పడ్డాక తొమ్మిదిమందిని పంపారు. రాత్రి భోజనం గంట కొట్టే వేళకు అందరూ వరుసలో ఉండాలని షరతు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. అది మామూలే. లోపలికి వెళ్లాక ఒకాయన తలుపు పక్కన ఉన్న బల్ల చూపించి, "మీరు మీరు ఆడుకోండి బాబూ" అన్నారు. కసురుకోలేదు, మర్యాదగానే అన్నారు. టీ కూడా ఇప్పించారు. కానీ మేము మేము ఆడుకోవడానికి హాస్టల్ వరండా చాలదా? లోపలి బల్లల మీద ప్రైవేటు స్కూళ్ల పిల్లలకు పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని ఎత్తులు చెప్తున్నారు. మన పిల్లలు సగంసేపు తమ ఆట మాని అటే చూశారు. రెండు శనివారాలు అలాగే గడిచాయి.

వనపర్తి రాజావారి కోటలో 1959లోనే పాలిటెక్నిక్ పెట్టారు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ పెట్టారు. మన అన్నలు ఎందరో ఆ కోటల్లో క్లాసులు విన్నారు. కోట లోపలికి వెళ్లడం కన్నా క్లబ్బులో ఎదుటి కుర్చీ దొరకడం కష్టమైందే అని ఆ రాత్రి మాలో మేము అనుకున్నాం.

మూడో శనివారం తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఆలస్యంగా వచ్చారు. ఆయనకు జత దొరకలేదు. నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి, "ఎవరొస్తరు?" అని కుర్చీ లాక్కున్నారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు కూర్చున్నాడు. వాడు ఊళ్లో పెదనాయన దగ్గర నేర్చిన దేశీ ఆటగాడు. ఆ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆటలో ఒకసారి గుర్రంలాగా దూకవచ్చు. వాడు దూకించాడు! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "అది మా నాయిన ఆడిన ఆట బిడ్డా. ఇప్పుడు కోట కట్టుడు ఇట్ల" అని రాజునూ ఏనుగునూ జరిపి చూపించారు. కాసేపటికి పిల్లవాడు మంత్రిని పట్టుకుని వదిలేయబోతే, "ముట్టుకున్న కాయనే ఆడాలె, అది రూలు" అన్నారు. వెనక నిలబడ్డ మనవాడొకడు ఫక్కున నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఈ సంచిక చదివేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇరవై ఎత్తులు తిరక్కుండానే మన పిల్లవాడు ఓడిపోయాడు. తిరుగుదారిలో తొమ్మిదిమందీ ఆ ఒక్క ఆట గురించే మాట్లాడుకున్నారు. కప్పు గెలిచి వచ్చిన రోజున కూడా అంత మాట్లాడుకోవడం మేము వినలేదు.

దేశీ ఆట నేర్చినవాడు నవ్వులపాలు కావలసిన పని లేదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ నియమాలతోనే ఆట నేర్చాడు. సర్ ఉమర్ హయత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి పరివారంలో ఒకడిగా లండన్ వెళ్లి 1929లో, మళ్లీ 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌గా వెలిగిన కాపాబ్లాంకానే ఒక ఆటలో ఓడించాడు. తర్వాత స్వదేశానికి తిరిగొచ్చి మరుగున పడిపోయాడు. 1966లో చనిపోతే, 2024లో గానీ ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు రాలేదు. యాభై ఎనిమిదేళ్ల ఆలస్యం!

నాలుగో వారం ఆ పెద్దాయనే, "మీకు ఇంకేం ఆటలొస్తయి?" అని అడిగారు. మనవాళ్లు సుద్దముక్కతో నేల మీద పులి-మేక గీశారు. ఇరవైమూడు చుక్కలు, 3 పులులు, 15 మేకలు. క్లబ్బులో గట్టి ఆటగాడని పేరున్న వకీలు ఒకరు సరదాపడి మేకలు తీసుకుని, చూస్తుండగానే ఐదు మేకలు పోగొట్టుకున్నారు. పులికి పక్కన మేకను పెట్టేటప్పుడు ఆ వెనక చుక్క నిండి ఉందో లేదో చూడాలి. ఖాళీగా ఉంటే పులి దూకేస్తుంది. పైగా పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. చిన్నపిల్లలు పులులు కావాలని కొట్లాడుకుంటారు. ఆట తెలిసినవాడు మేకలే కోరుకుంటాడు. తర్వాత మన ఎనిమిదో తరగతి పిల్లవాడు మేకలు తీసుకుని, రెండే రెండు పోగొట్టుకుని, మూడు పులులనూ కదలకుండా కట్టేశాడు. వకీలుగారు కుర్చీ వదిలి నేల మీద కూర్చుని, "మల్లొక్కసారి" అన్నారు.

వార్డెన్ సార్లకు ఒక భయం ఉంటుంది. పదో తరగతి రిజల్టు తగ్గితే పైనుంచి మెమో వస్తుంది, మధ్యలో ఈ ఆటలేమిటని. చదరంగం ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చెప్పి మేము ఒప్పించవచ్చు గానీ అది నిజాయితీ కాదు. ఇంగ్లండులో వంద బడుల్లో చిన్న తరగతుల పిల్లలకు ఏడాదిపాటు నేర్పించి చూస్తే, తర్వాత లెక్కల్లో తేడా ఏమీ కనిపించలేదని 2016లో ప్రకటించారు. గ్రాండ్‌మాస్టర్లు అవుతారనీ ఆశ పెట్టం. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేశి 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆమెకు ఆట నేర్పడానికి తండ్రి ఉద్యోగమే వదులుకున్నారు. ప్రయాణాలు, ఎంట్రీ ఫీజులు, కోచ్‌లు, ఇదంతా పుణే, ముంబై వలసపోయే పాలమూరు తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు. అవకాశం చూపిస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2014లో మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టే ఎక్కారు. కానీ మా మాట అంత ఎత్తు గురించి కాదు. తెలియని మనిషి ఎదురుగా కుర్చీ లాక్కుని గంటసేపు కూర్చోవడం, తలెత్తి ఆడటం, ఓడితే చెయ్యి కలిపి లేవడం మన పిల్లలకు అలవాటు కావాలి. రేపు ఇంటర్వ్యూలో ఎదుటి కుర్చీ చూసి గొంతు తడారిపోయిన అనుభవం మాలో ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ గంట మాకు దొరకలేదు.

పాత విద్యార్థులకు ఒక మనవి. మనం వార్షికోత్సవానికి వస్తాం, దుప్పట్లు, ప్లేట్లు పంచి ఫోటో దిగి, భోజనం చేసి బస్సెక్కుతాం. పంచడం తప్పని అనడం లేదు. నెలకొక ఆదివారం సాయంత్రం వచ్చి ఒక పిల్లవాడి ఎదురుగా కూర్చోండి. ఆట రాకపోతే వాడే నేర్పుతాడు. క్లబ్బుల పెద్దలకు ఈ సంచిక అందితే వారికీ ఒక మాట. టీ వద్దు, మా పిల్లలను విడదీసి తలా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

ప్రస్తుతం హాస్టల్లో బోర్డులు రెండున్నాయి. అంబేద్కర్ ఫోటో కింద వరండాలో, సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఆట మొదలవుతుంది. ఒక బోర్డులో నల్ల గుర్రం పోయింది, దాని బదులు సోడా సీసా మూత పెట్టి ఆడుతున్నారు. వచ్చేవారు ఒక గుర్రాన్ని వెంట తెస్తే బాగుంటుంది.