మా బావ చేతి గడియారం

మా బావ కోల్‌ఫిల్లర్. ముప్పై ఏళ్లు బెల్లంపల్లిలో సింగరేణి బొగ్గుబాయిల్లో తట్ట మోసి, టబ్బులు నింపి రిటైరయ్యాడు. హైదరాబాద్‌లో కొలువు చేసే కొడుకు పండుగకొచ్చి ఆయన చేతికి స్మార్ట్‌వాచ్ కట్టిపోయాడు. ఈ వారం నేను వెళ్లేసరికి మనిషి బేజారుగా కూచున్నాడు. ‘నాకు టెన్షన్ ఎక్కువున్నదట బామ్మర్దీ, ఇది ఎనభై చూపెడుతున్నది’ అన్నాడు. అప్పుడే కూరగాయల సంచీ మోసుకుంటూ అంగడి నుంచి నడిచొచ్చి, సలసల కాగే చాయ్ తాగాడు. ఎనభై కాక ఇంకేం చూపెడుతుంది?

ఆ వాచీ అడుగున పచ్చదీపం ఉంటుంది. చర్మం కింద నెత్తురు పారే తీరు చూసి, గుండె దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం ఎంత మారుతోందో లెక్కగడుతుంది. ఆ మార్పు తగ్గితే ఒత్తిడే అంటుంది. మనవడు పుట్టాడన్న ఫోనొచ్చినా, అప్పులవాడు గడపలో నిలబడ్డా దానికి ఒకటే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్లు సుమారు 800 మంది విద్యార్థులకు గార్మిన్ వాచీలు కట్టి, ఒత్తిడి ఎంతుందని మూడు నెలలు వాళ్లనూ అడుగుతూ వచ్చారు. 2025లో తేల్చిందేమంటే, మనిషి చెప్పిన ఒత్తిడికీ వాచీ చెప్పిన ఒత్తిడికీ దాదాపు పొంతనే లేదు. నిద్ర విషయంలో కొంత నయమట. ఆ ముక్క నా వాదానికి పనికిరాదు, వదిలేస్తున్నా.

బావ గుండెను కొలవాల్సింది బాయిలో కప్పు కింద, కర్ర సపోర్టు కిర్రుమన్నప్పుడు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ పైనే పెట్టి దిగాల్సిన చోటికి ఈ సోకుల వాచీ ఏం దిగుతుంది!

అసలు ఒత్తిడి లెక్క కావాలంటే మస్టర్ పుస్తకం తియ్యండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బాయిలు మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులొచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. 2024లో లాభాల వాటా పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,000. అదీ మొట్టమొదటిసారట, చప్పట్లు కొట్టాలట! అదే బొగ్గు, అదే దుమ్ము, అదే నైట్ షిఫ్టు. ఆ కాంట్రాక్టు పిల్లల చేతికి వాచీ కట్టి, ‘ఊపిరి నెమ్మదిగా పీల్చండి’ అని చెప్పిస్తారా?

బావ వాచీ విప్పి టీవీ పక్కన పెట్టాడు. కొడుకు ఫోన్ చేస్తే చార్జింగ్ అయిపోయిందని చెప్పమన్నాడు.