ఫొటో ఫ్రేములో ఎవరికి చోటు?

తడకు చేరువలో, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల మెట్టభూముల్లో 2008లో శ్రీసిటీ మొదలైంది. 2015లో ఫాక్స్‌కాన్ సంస్థ ఇక్కడ షియోమీ ఫోన్ల తయారీ చేపట్టింది. ఆ ఫోన్లను కూర్చిన చేతుల్లో చుట్టుపక్కల పల్లెల ఆడబిడ్డలవే ఎక్కువ. పెళ్లికో, బాప్తిస్మానికో తప్ప ఫొటో తీయించుకోని తరానికి వాళ్లు మనవరాళ్లు. ఇవాళ ఒక్కొక్కరి ఫోన్లో వేల ఫొటోలుంటాయి. ఊళ్లో ఉన్న అవ్వకు మాత్రం వాటిలో ఒక్కటీ కనిపించదు! అందుకే క్రిస్మస్‌కో, అమ్మానాన్నల పెళ్లిరోజుకో డిజిటల్ ఫొటో ఫ్రేము కొనిద్దామని పిల్లలు అనుకుంటారు. మంచి ఆలోచనే. అయితే దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ఫ్రేములో ఎవరికి చోటు?

ఇశ్రాయేలీయులు యొర్దాను నదిని దాటినప్పుడు నది మధ్యనుంచి పన్నెండు రాళ్లు తెప్పించమని దేవుడు యెహోషువకు ఆజ్ఞాపించాడు. ఈ రాళ్లేమిటని రేపు పిల్లలు అడిగినప్పుడు, దేవుడు చేసిన మేలును పెద్దలు వాళ్లకు చెప్పాలన్నది అందులోని ఉద్దేశం (యెహోషువ 4వ అధ్యాయం). అంతకుముందు జరిగిన జనాభా లెక్కలో యూదా గోత్రం 76,500 మంది, షిమ్యోను గోత్రం 22,200 మంది (సంఖ్యాకాండము 26వ అధ్యాయం). అయినా గోత్రానికి ఒక్క రాయే! బలగం ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ రాళ్లు, తక్కువున్నవాళ్లకు తక్కువ రాళ్లు అన్న లెక్క దేవుని దగ్గర లేదు. మరి మన ఇళ్లలో?

మార్కెట్లో దొరికే ఫ్రేముల్లో చాలావాటి తెర వెడల్పుగా ఉంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటో సాధారణంగా నాలుగుకు మూడు కొలతలో, అంటే అంతకంటే ఎత్తుగా ఉంటుంది. తెర నిండేలా పెడితే ఫొటో పైభాగం, కిందిభాగం తెగిపోతాయి. కుటుంబమంతా కలిసి దిగిన ఫొటోలో వెనుక నిలబడ్డవాళ్ల తలలు, ముందు కూర్చున్న పసిపిల్లలు మాయమవుతారు. ఫొటో మొత్తం కనబడే ఏర్పాటు ఉందో లేదో కొనేముందే అడగండి. అప్పుడు పక్కన నల్లటి అంచులు వస్తాయి. రానివ్వండి, మనుషులైతే మిగులుతారు.

యంత్రం తెలియక కోస్తుంది. మనం తెలిసే కోస్తాం. మనకిష్టం లేని పెళ్లి చేసుకున్న కూతురు, తాగుడుకు అలవాటుపడ్డ తమ్ముడు, వెలిసిపోయిన చీరలో నిలబడ్డ మేనత్త... వీళ్ల ఫొటోలు పక్కకు పోతాయి. కొత్త ఇల్లు, కొత్త కారు, విదేశాల్లో ఉన్న కొడుకు మాత్రం గంటకు పదిసార్లు తెరమీదికొస్తారు. మత్తయి సువార్త మొదటి అధ్యాయం తెరిచి చూడండి. యేసుప్రభువు వంశావళిలో తామారు ఉంది, రాహాబు ఉంది, మోయాబు స్త్రీ రూతు ఉంది, ఊరియా భార్య కూడా ఉంది. పరువు కోసం ఏ పేరూ కొట్టేయలేదు. దేవుడు దాచని మనుషులను దాచడానికి మనమెవరం?

కన్నుమూసిన పెద్దల ఫొటోల విషయంలోనూ మన విశ్వాసులకు తడబాటు ఉంది. దండ వేసి, అగరుబత్తి వెలిగించే అలవాటుకు భయపడి కొందరు అసలు ఫొటోలే తీసేస్తారు. అంత అవసరం లేదు. పూజించడం వేరు, కృతజ్ఞతతో తలచుకోవడం వేరు. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి గుర్తుచేశాడు (2 తిమోతి 1:5). 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాల్లో సువార్త పని చేసింది. అలా మొదలైన సంఘాల్లో పెరిగిన అవ్వాతాతల ఫొటో మీ ఇంటి పెట్టెలో ఉంటే, ఫ్రేములో మొదటి చోటు దానికే ఇవ్వండి.

పాత ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే వివరాలు బాగా వస్తాయి. అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, చిరిగిపోతుంది. అద్దంతో సహా ఫొటో తీయించండి. స్కాన్ అయింది కదా అని అసలుదాన్ని పారేయకండి. మెమరీకార్డు ఎప్పుడైనా పాడైపోవచ్చు కాబట్టి ఇంకోచోట నకలు ఉంచండి. ఊళ్లో ఇంటికి ఇంటర్నెట్ లేకపోతే వైఫై ఫ్రేముకంటే మెమరీకార్డు పెట్టుకునేదే నయం. వైఫైదే కొంటే నెలనెలా డబ్బు కట్టాలేమో ముందే కనుక్కోండి. పక్కనుంచి చూసినా బొమ్మ వెలవెలబోకూడదు, ఎందుకంటే అవ్వ మంచంమీదినుంచే చూస్తుంది.

మూడు వేల ఫొటోలు ఎక్కిస్తే ఏదీ కంటికి ఆనదు. యాభై చాలు. అయితే యొర్దాను రాళ్లు తమంతట తాము మాట్లాడలేదు, ఈ ఫ్రేమూ మాట్లాడదు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చాక పిల్లల్ని దానిముందు కూర్చోబెట్టండి. "ఈ అవ్వ ఎవరు?" అని బిడ్డ అడిగితే ఆమె పడ్డ కష్టం, చేసిన ప్రార్థన, దేవుడిచ్చిన జవాబు చెప్పండి. చెప్పేవాళ్లు లేని ఇంట్లో ఎంత ఖరీదైన ఫ్రేమైనా గోడకు అలంకారమే.

చివరిగా, షిఫ్టుల్లో పనిచేస్తూ ఊరికి దూరమైన బిడ్డలకు ఒక మాట. యోహాను తన రెండో పత్రికను ముగిస్తూ, రాయాల్సినవి చాలా ఉన్నా కాగితంతో, సిరాతో సరిపెట్టక, స్వయంగా వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశపడ్డాడు. అప్పుడే సంతోషం సంపూర్ణమవుతుందని ఆయన నమ్మకం (2 యోహాను 12). ఫ్రేమును కొరియర్‌లో పంపకండి. సెలవు దొరికినరోజు మీరే తీసుకెళ్లండి. మీ అమ్మ ముందు మీ ముఖం చూస్తుంది, ఫొటోలు ఆ తర్వాత చూస్తుంది.