కేబుల్ వేసి గేటు మూశారు

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన కేబుల్‌ను ప్రధాని 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం 1,224 కోట్ల రూపాయలు. దీవుల్లోని మహిళా వ్యాపారులకు ఇక డిజిటల్ అవగాహన కల్పిస్తే చాలునన్నది పాలకుల ధోరణి. ఫోనులో డబ్బు పుచ్చుకోవడం ఆ మహిళలకు ఎవరూ నేర్పనక్కరలేదు. వారిని ఆపుతున్నది చట్టం.

చాలా రాష్ట్రాల్లో సరుకుల వ్యాపారికి ఏటా 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్‌టీ నమోదు అవసరం లేదు. అయితే అది సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పన్ను వర్తించే సరుకు ఒక్క సీసా సరిహద్దు దాటినా, చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం తొలి రూపాయి నుంచే నమోదు తప్పనిసరి. విజయవాడలో పచ్చళ్లు పెట్టే ఇల్లాలు ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా నిశ్చింతగా అమ్ముకోవచ్చు. అదే పచ్చడిని శ్రీవిజయపురంలో, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, పెట్టే తెలుగు ఇల్లాలికి దక్కే సొంత అంగడి ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులన్నీ కలిపి 3.8 లక్షల మంది! విశాఖలోని పుట్టింటి వీధివారికి అమ్మినా అది అంతర్రాష్ట్ర విక్రయమే.

2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ వేదికలపై చిన్న వ్యాపారులకు నమోదు మినహాయించామని కేంద్రం చెప్పుకుంటుంది. అదీ రాష్ట్ర పరిధిలోనే. కాంపోజిషన్ పథకమూ అంతే.

నమోదు ఉచితమే కదా అంటారు. ఉచితమే. ఆ తరువాత రిటర్నులున్నాయి. అమ్మకాలు లేని కాలానికీ దాఖలు చేయాలి, ఆలస్యమైతే రుసుము కట్టాలి, అకౌంటెంటుకు ఫీజు ఇవ్వాలి. నెలకు ఇరవై సీసాలు అమ్మే మనిషి లాభం అక్కడే హరించుకుపోతుంది.

పన్ను ఏ రాష్ట్రానికి చెందాలో తేల్చడానికే ఈ నిబంధన అన్న వాదనలో కొంత పస లేకపోలేదు. కానీ సేవలకు 2017 అక్టోబరులోనే 20 లక్షల దాకా దీనిని సడలించారు. కొన్ని హస్తకళా వస్తువులకూ సడలించారు. ఈమెయిల్‌లో పంపే డిజైనుకు లేని అడ్డు సీసాలో పంపే పచ్చడికి ఎందుకు?

అడిగేవారు లేరు గనుక. జీఎస్‌టీ కౌన్సిల్‌లో ప్రతి రాష్ట్రానికీ ఒక మంత్రి ఉన్నారు. శాసనసభ లేని అండమాన్‌కు లేరు. అయితే దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన కుటుంబాలు వారిలో ఎన్నో. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ఆ కౌన్సిల్‌లో సభ్యులు. చిన్న వ్యాపారుల అంతర్రాష్ట్ర విక్రయాలకూ 40 లక్షల పరిమితినే వర్తింపజేయాలన్న ప్రతిపాదనను తదుపరి సమావేశంలో ఆయన పెట్టాలి.