నెల గడువున్న లెక్కలు

అమెరికాలో రాస్ గణిత శిబిరానికి దరఖాస్తు చేసే హైస్కూలు విద్యార్థిని ఎవరూ పరీక్ష హాలులో కూర్చోబెట్టరు. కొన్ని లెక్కలిస్తారు. ఇంట్లోనే కూర్చుని వారాల తరబడి వాటితో కుస్తీ పట్టవచ్చు. జవాబు తేలకపోతే ఎంతదూరం వెళ్లాడో, ఎక్కడ చిక్కుకుపోయాడో రాసి పంపినా సరే. ఎంపికలో ప్రధానంగా చూసేది ఆ రాతనే.

ఆర్నాల్డ్ రాస్ 1957 వేసవిలో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేశాకే అమెరికాకు సైన్సు చదువుల మీద కళ్లు తెరుచుకున్నాయంటారు గానీ, అది ఎగిరింది ఆ అక్టోబరులో. రాస్ అప్పటికే ఒక వేసవి ముందున్నారు. 1964లో శిబిరాన్ని ఒహాయో స్టేట్‌కు తీసుకెళ్లి, తొంభై దాటే వరకూ పాఠం చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్లంతా చదివేది సంఖ్యా సిద్ధాంతమే. రోజూ ఓ లెక్కల కాగితం చేతికొస్తుంది. నిరూపించు, కాకుంటే తప్పని చూపించు, తప్పైతే దాన్ని నిలబెట్టే దారి వెతుకు. రాత్రి హాస్టల్లో సందేహం వస్తే అక్కడే ఉండే సీనియర్లను అడగాలి. ‘సరళమైన విషయాల గురించి లోతుగా ఆలోచించు’ అన్నది శిబిరం నినాదం. అక్కడ చదువుకున్న గ్లెన్ స్టీవెన్స్ 1989లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ‘ప్రామిస్’ అనే మరో శిబిరం పెట్టారు.

ఈ చదువు ఏ ప్రవేశ పరీక్ష సిలబస్‌లోనూ ఇమడదు. దాని బలమంతా అందులోనే ఉంది.

పేరు చూసి మోసపోకూడదన్నది వేరే సంగతి. పెద్ద విశ్వవిద్యాలయాల పేరుతో, వేల డాలర్ల ఫీజుతో నడిచే వేసవి కోర్సులు బోలెడున్నాయి. వాటిలో చాలావాటికి ఎంపిక నామమాత్రం. చేరినంత మాత్రాన అదే విశ్వవిద్యాలయంలో తర్వాత సీటు ఖాయం కాదు. అక్కడి తెలుగు కుటుంబాలు, ఇక్కడ హైదరాబాద్ తల్లిదండ్రులు ఆ సర్టిఫికెట్ కోసం అప్పు చేయనక్కర్లేదు. ఫీజును బట్టి గొప్పతనాన్ని కొలిచేవారు ఒక్కటి గమనించాలి. 1984లో మొదలై ఇప్పుడు ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు దొరకడం మహా కష్టం, చదువు మాత్రం ఉచితం.

మన దేశంలోనూ ఇలాంటివి లేకపోలేదు. గణిత ఒలింపియాడ్‌లో నెగ్గుకొచ్చిన కొద్దిమందికి ముంబైలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం వేసవి శిక్షణ ఇస్తుంది. ఇస్రో 2019లో తొమ్మిదో తరగతి వాళ్ల కోసం ‘యువిక’ మొదలుపెట్టింది. పల్లె బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులిస్తుంది. శ్రీహరికోటలోనూ ఈ శిబిరం జరిగింది. రెండూ మంచివే, కానీ దేశమంతటికీ కలిపి ఉన్న ఆ కొద్ది సీట్లలో తెలుగు పిల్లల వాటా ఎంత?

తెలుగు రాష్ట్రాల్లో వేసవి అంటే షార్ట్ టర్మ్ కోచింగ్. సెలవుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. కొన్ని కాలేజీలు ఏటా ఏదో పేరు పెట్టి నడుపుతూనే ఉంటాయి. ఫస్టియర్ ముగిసీ ముగియగానే సెకండియర్ సిలబస్, దాని మీద బిట్లు. నిమిషానికో బిట్టు పెట్టే పిల్లకు ఒకే లెక్కతో మూడు రోజులు గడిపే అవకాశం ఎప్పుడొస్తుంది?

ఏరి కోరి కొందరికే ఇలాంటి శిబిరం ఇవ్వడం అన్యాయం కాదా అని అడగొచ్చు. తెలంగాణలోని సర్వేల్‌లో 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన గురుకుల పాఠశాల కూడా పిల్లల్ని ఎంపిక చేసుకున్నదే. ఎంపిక ఉండటంలో తప్పులేదు. దేన్ని చూసి ఎంపిక చేస్తున్నామన్న దగ్గరే తేడా వస్తుంది. బిట్ల పరీక్ష పెడితే కోచింగ్ కొనగలిగినవాడు నెగ్గుతాడు. పైగా డబ్బున్న ఇంటి పిల్లవాడికి శిబిరం లేకపోయినా పుస్తకాలు, ట్యూటర్లు, ఇంటర్నెట్ ఉంటాయి. అవేవీ లేని పిల్లకే శిబిరం లేని లోటు తెలుస్తుంది.

ఇలాంటి శిబిరాన్ని ఇక్కడ నడపలేమనడానికీ వీల్లేదు. డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఎంటీటీఎస్ పేరుతో 1993 నుంచి దేశంలో నాలుగు వారాల వేసవి గణిత శిబిరాలు జరుగుతున్నాయి. వాటిని మొదలుపెట్టిన కుమరేశన్ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆ పద్ధతినే పదో తరగతి పూర్తిచేసినవాళ్ల కోసం మలచుకోవచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీ హాస్టళ్లున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరుపతి ఐసర్ పరిశోధక విద్యార్థులను స్టైపెండ్ ఇచ్చి పిలిస్తే హాస్టల్లో పిల్లలతో ఉండే సీనియర్లూ దొరుకుతారు. భోజనం, రైలు చార్జీ ప్రభుత్వమే పెట్టుకోవాలి. ప్రవేశానికి అయిదారు లెక్కలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ జనవరిలోనే ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలుకూ చేరాలి. జవాబుకు నెల రోజుల గడువు, రాత తెలుగులో ఉన్నా చెల్లుబాటు. లెక్కల మాస్టారి సిఫార్సు ఒక పేజీ చాలు. దరఖాస్తు ఫారంలో మార్కుల గడి అవసరం లేదు.